కిరణ చికిత్స – కొలతయే రక్ష

కేతేపల్లి హైదరాబాదు–విజయవాడ రాజమార్గముపై నున్న గ్రామము. నల్గొండ జిల్లాలో మూసీ నీటితో పండు పొలములకు ఇది చేరువ. తెల్లవాఱకముందే రోడ్డుపై నిలిచి నగరమునకు బోవు బస్సుకై ఎదురుచూచువారిలో కచేరి పనులమీద పోవువారు, సరకు కొనబోవువారు, చదువులకు పోవువారు మాత్రమే కాదు. చేత కాగితముల సంచి పట్టుకొని, ఒంటిపై సిరా గీతలు చెరగకుండ గుడ్డ కప్పుకొని నిలిచినవారును అప్పుడప్పుడు కానవత్తురు. ఆ గీతలను కడుగవద్దని వైద్యులు చెప్పిరి, కావున కడుగరు. అవి ఎందులకో పలువురకు తెలియదు. పెద్దలు రాచపుండని పిలిచి, పేరెత్తుటకే జంకిన క్యాన్సరు వ్యాధికి చేయు కిరణ చికిత్సలో ఆ గీతలు సర్వే రాళ్లవంటివి. అవి జరిగినచో హద్దు జరుగును. హద్దు జరిగినచో వ్యాధి నిలుచును, ఆరోగ్యముగ నున్న అవయవము చెడును.

మన పల్లెలలో ఈ చికిత్సను ‘కరెంటు పెట్టుట’ యందురు. ఈ మాటయే సగము కీడు చేయుచున్నది. కరెంటనగనే షాకు తగిలి కాలిపోవునను భయము పుట్టును. ఈ భయమువలన చికిత్సకే పోనివారు కొందఱు; సగములో మానివేసి యింటికి వచ్చువారు కొందఱు; చికిత్స పొంది వచ్చినవారి ప్రక్కన పసిపిల్లలను కూర్చుండనీయనివారు మఱికొందఱు. ఈ భయమునకు గల నిజమెంత, అపోహ యెంత యని విచారించుట మా ఉద్దేశము. కిరణము నిప్పువంటిదే యనుటలో సందేహము లేదు. కాని నిప్పుతో అన్నము వండుకొనుటయు, ఇల్లు కాల్చుకొనుటయు ఒక్కటి కాదు. ఆ రెంటికిని నడుమ నున్నది కొలత.

కొలత విలువ నల్గొండ జిల్లావారికి వేఱొకరు చెప్పనక్కఱలేదు. త్రాగునీటిలో ఫ్లోరైడు స్వల్పముగ నున్నచో దంతములకు మేలనియు, లీటరునకు 1.5 మిల్లీగ్రాములు దాటినచో పండ్లకును ఎముకలకును చేటనియు శాస్త్రజ్ఞులు నిర్ణయించియున్నారు. ఆ హద్దు మీఱిన నీటిని తరతరములుగ త్రాగి నడుము వంగిపోయిన కుటుంబములు ఈ జిల్లాలో ఎన్ని లేవు? నీటిలోని ఫ్లోరైడును పటికతోను సున్నముతోను తగ్గించు పద్ధతికి లోకమంతట నల్గొండ పేరే నిలిచినది. కావున ఒకే పదార్థము ఒక కొలతలో మేలును, వేఱొక కొలతలో కీడును చేయుననుట మన ప్రాంతమువారు ఎముకలతో నేర్చుకొన్న పాఠము. కిరణ చికిత్సయంతయు ఈ పాఠముపైననే నిలిచియున్నది.

1895లో జర్మనీ దేశమున రాంట్జెన్ ఎక్సు కిరణములను కనుగొనెను. 1898లో పారిస్ నగరమున క్యూరీ దంపతులు రేడియమును కనుగొనిరి. ఈ కిరణములు దేహమున దూరి జీవకణముల గర్భమునందలి డీఎన్ఏ యను వంశసూత్రమును త్రెంచును. సూత్రము తెగిన కణము విభజన చెందజాలక నశించును. క్యాన్సరు కణము అదుపు లేక విభజన చెందుచుండునది యగుటచే ఈ దెబ్బ దానికి గట్టిగ తగులును. కాని కిరణమునకు మంచి కణము, చెడు కణము అను భేదము తెలియదు. దారిలో నున్నదానినెల్ల కొట్టును. తొలినాళ్లలో ఒకటి రెండు మాఱులలోనే పెద్ద మోతాదు నిచ్చుటచే వ్యాధితోపాటు చర్మమును మాడి, రోగులు మానని పుండ్లతో బాధపడిరి. ఆ కాలపు కథలే నేటికిని జనుల చెవులలో మ్రోగుచున్నవి.

ఆ చిక్కును విప్పినది పారిస్ రేడియం సంస్థలో రెగో యను వైద్యుడు పొట్టేళ్లపై చేసిన పరీక్ష. ఒక్కమాఱుగ కిరణములనిచ్చి పొట్టేలు వృషణములను నిర్బీజము చేయబోగా చర్మము ఘోరముగ దెబ్బతినెను. అదే పనిని కొద్ది కొద్దిగ కొన్ని దినములపాటు చేయగా ఫలితము సిద్ధించెను, చర్మమును నిలిచెను. ఆ సంస్థలోనే కుటార్ అను వైద్యుడు 1920 దశకమున ఈ సూత్రమును కంఠపు క్యాన్సరునకు వర్తింపజేసెను. దీనిలోని మర్మ మేమన, ఆరోగ్యముగ నున్న కణము ఒక దినపు దెబ్బనుండి మఱునాటికి చాలవఱకు తేఱుకొనగలదు. క్యాన్సరు కణమునకు ఆ నేర్పు తక్కువ. అందువలననే నేడును చికిత్సను సాధారణముగ దినమునకు సుమారు 2 గ్రేల చొప్పున, వారమున కైదు దినములు ఇత్తురు. గ్రే యనునది దేహము గ్రహించిన కిరణశక్తికి కొలమానము. గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరునకు బయటినుండి ఇచ్చు చికిత్స తఱచుగ అయిదు వారములును, నోటి, కంఠపు క్యాన్సరులకు 66 మొదలు 70 గ్రేల మోతాదుతో ఆఱేడు వారములును పట్టుట ఇందులకే. ఇన్ని మాఱులు త్రిప్పుట ఎందులకని రోగి బంధువులు విసుగుకొందురు. ఆ త్రిప్పుట కాలహరణము కాదు; మంచి కణమునకు ఊపిరి తీసుకొనుట కిచ్చు వ్యవధి.

కాలమును పంచుటతోనే పని తీఱదు. చోటును గూడ పంచవలెను. 1951లో కెనడా దేశమున కోబాల్టు యంత్రములతో చికిత్స మొదలయ్యెను. దాని కిరణముల బలము చర్మముపైన కాక, దాని క్రింద అర సెంటీమీటరు లోతున మిక్కుటమగుటచే చర్మమునకు రక్షణ చేకూఱెను. పిదప వచ్చిన లీనియర్ యాక్సిలరేటరు ఇంకను లోతునకు బోవు కిరణముల నిచ్చినది. అయినను ఒకే దిక్కునుండి కిరణమును పంపినచో దారిలోని అవయవములు వ్యాధికంటె ఎక్కువ మోతాదు పొందవచ్చును. కావున పలు దిక్కులనుండి బలహీనమైన కిరణములను పంపి, అవి యన్నియు వ్యాధిగ్రస్తమగు తావుననే కలిసికొనునట్లు చేయుదురు. ఒకే గండినుండి నీరంతయు వదలినచో గట్టు తెగును; పలు పిల్లకాలువల గుండ సన్నగ పాఱించినచో దారిపొలములు మునుగవు, కోరిన మడి నిండును. మూసీ కాలువల క్రింద సేద్యము చేయువారికి ఇంతకంటె విడమఱచి చెప్పవలసిన పని లేదు. తన మడికి నీరు పెట్టబోయి పొరుగువాని కందిచేను ముంచినవానిని మంచి సేద్యగాడని యెవ్వరును అనరు. పొరుగుచేను మునుగునను భయముతో తన నాటును ఎండబెట్టుకొన్నవానిని అంతకంటె అనరు. ఈ రెండు తప్పుల నడుమ దారి కనుగొనుటయే కిరణ చికిత్సకు ముందు చేయు ప్రణాళిక.

ఆ ప్రణాళిక ఎట్లు సాగునో పాఠకులు తెలిసికొనుట మంచిది. మొదట రోగి ప్రతి దినము ఒకే భంగిమలో కదలక పరుండుటకు ఏర్పాటు చేయుదురు. తల, మెడ భాగములకైనచో వేడినీట మెత్తబడు ప్లాస్టిక్కు జాలిని ముఖముపై అచ్చుగ పోసి ముసుగు చేయుదురు. ఆ ముసుగుతోనే సీటీ స్కాను తీయుదురు. ఆ చిత్రములలో వైద్యుడు ఒక్కొక్క పొరపై వ్యాధి యున్న మేర గీయును; కంటికి కానరాక వ్యాపించియుండునను మేర దానిచుట్టు గీయును; రోగి కదలికకును నిత్యపు స్వల్ప భేదములకును మఱికొంత హద్దు చేర్చును. ఈ మూడంచెల పద్ధతిని అంతర్జాతీయ నిపుణుల సంఘము 1993లో స్థిరపఱచినది. పిమ్మట కాపాడవలసిన అవయవములను గూడ గీయుదురు: వెన్నుపాము, లాలాజల గ్రంథులు, కన్నులు, ఊపిరితిత్తులు, గుండె, మూత్రాశయము, పురీషనాళము. ప్రతిదానికిని మీఱరాని మోతాదు కలదు. వెన్నుపామునకు 45 మొదలు 50 గ్రేల లోపల నిలుపుదురు. అది దాటినకొలది కాళ్లు చేతులు పడిపోవు ప్రమాదము పెరుగును. చెవిక్రింది లాలాజల గ్రంథికి సగటున 26 గ్రేలు మించకుండ చూతురు.

ఈ హద్దులను పాటించి కిరణములను మలచువాడు వైద్య భౌతిక శాస్త్రజ్ఞుడు. యంత్రము నోట టంగ్‌స్టన్ లోహపు సన్నని రేకులు ఒక్కొక్కటిగ జరుగుచు కిరణమునకు వ్యాధి ఆకారమునే కల్పించును. ఒక్కొక్క దిక్కున కిరణపు బలమును గూడ తావును బట్టి హెచ్చించి తగ్గించు పద్ధతిని ఐఎంఆర్‌టీ యందురు. ఇది కేవలము యంత్రపు ఆడంబరమా? కాదు. 2011లో ప్రకటింపబడిన ఒక బ్రిటిషు పరిశీలనలో, పాత పద్ధతిని చికిత్స పొందిన కంఠపు రోగులలో ఏడాది తరువాత నూటికి 74 మందికి నోరు తీవ్రముగ ఎండిపోయియుండగా, లాలాజల గ్రంథులను కాపాడిన క్రొత్త పద్ధతిలో ఆ సంఖ్య నూటికి 38కి తగ్గినది. నోరెండుట చిన్న విషయమని తలచువారు ఒక పూట నీరు లేక జొన్నరొట్టె మ్రింగి చూతురుగాక! వ్యాధి నయమైన పిదప మనుష్యుడు బ్రదుకవలసిన బ్రదుకు అది.

గుండె మాటయు నట్టిదే. రొమ్ము క్యాన్సరునకు కిరణచికిత్స పొందిన స్త్రీలను గూర్చి స్వీడను, డెన్మార్కు దేశములలో పరిశీలించి 2013లో ప్రకటించినదానిని బట్టి, గుండెకు చేరు సగటు మోతాదు ఒక్కొక్క గ్రే పెరిగినకొలది తీవ్రమగు హృద్రోగపు అపాయము నూటికి 7.4 వంతున హెచ్చుచున్నది. ఇందులకు విరుగుడు ఎంత సులభమో చూడుడు! కిరణము పడు కొద్ది క్షణములు రోగి గాఢముగ ఊపిరి పీల్చి బిగబట్టినచో, ఊపిరితిత్తులు ఉబ్బి గుండె రొమ్మునుండి ఎడముగ జరుగును. కటిభాగపు చికిత్సలో నీరు త్రాగి మూత్రాశయమును నింపుకొని రమ్మనుటయు ఇట్టిదే. నిండిన మూత్రాశయము ప్రేగులను పైకి నెట్టి కిరణమునుండి తప్పించును. కాని ఎందుకో చెప్పక ‘నీరు త్రాగిరా’ అని మాత్రమన్నచో, దూరప్రయాణమున మూత్రవిసర్జనకు చోటు దొరకదని భయపడు పల్లెటూరి స్త్రీ నీరు త్రాగకయే వచ్చును. కారణము తెలిసినచో త్రాగును. కాపాడు పనిలో రోగి కూడ ఒక పనివాడే. అతనికి పని తెలియజెప్పకుండుట ఏమి న్యాయము?

దంతముల విషయమును ఇచట చెప్పక తీఱదు. నోటి, దవడ భాగములకు కిరణములు పడకముందే దంతవైద్యునిచే చూపించుకొని, పుచ్చిన పండ్లను తీయించి, గాయము మానుటకు రెండు వారముల వ్యవధి యిచ్చుట వాడుక. చికిత్స ముగిసిన పిమ్మట, ఏండ్లు గడచినను, క్యాన్సరు వైద్యుని అడుగక పన్ను పీకించుకొనరాదు. కిరణము సోకిన దవడ యెముకకు రక్తప్రసారము తగ్గియుండుటచే ఆ గాయము మానక ఎముకయే కుళ్లవచ్చును. సంతలో పన్ను పీకువానియొద్దకు పోవు అలవాటు గలవారు ఈ మాటను మఱవకుందురుగాక!

ఇక అపోహను గూర్చి. మన ప్రాంతమున రేడియేషన్ అను మాట యురేనియము వివాదమువలన ఇంటింటికిని ప్రాకినది. నల్లమల అడవులలో యురేనియము త్రవ్వకములు వలదని 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానించినది. భూమిని, నీటిని, అడవిని గూర్చిన ఆ ఆందోళన వేఱు. ఆసుపత్రి గదిలో కొలిచి యిచ్చు కిరణము వేఱు. బయటినుండి యంత్రముతో కిరణచికిత్స పొందినవాని దేహమున కిరణము నిలిచియుండదు. దీపమార్పినచో వెలుగు గదిలో మిగులనట్లే, యంత్రము ఆగిన క్షణమున కిరణము ఆగును. అతడు మనుమరాలిని ఒడిలో కూర్చుండబెట్టుకొనవచ్చును, ఒకే పళ్లెమున భుజింపవచ్చును. థైరాయిడ్ వ్యాధికి రేడియో అయోడినును లోపలికిచ్చు చికిత్స మాత్రము వేఱు. దానికి కొన్ని దినముల నియమములు కలవు, వైద్యులు వానిని చెప్పుదురు. ఈ భేద మెఱుగక, వ్యాధిచే నలిగినవానిని ఇంటివారే వెలివేసినట్లు చూచుట అజ్ఞానము మాత్రమే కాదు, క్రౌర్యము.

అయితే భయమంతయు అపోహయే యని మేమనము. కాపాడుటకు చేసిన ఏర్పాటే కీడైన సందర్భమును లోకము చూచినది. పనామా దేశములో 2000–2001 నడుమ ఒక ఆసుపత్రియందు, కటిభాగమున మంచి అవయవములకు అడ్డుగ పెట్టు సీసపు దిమ్మెలను మఱియొకటి చేర్చదలచిరి. గణక యంత్రము నాలుగింటికి మించి ఒప్పుకొనకుండుటచే, వాని కొలతలన్నిటిని ఒక్క దిమ్మెగ వ్రాసి యెక్కించిరి. యంత్రము చికిత్సాకాలమును తప్పుగ లెక్కగట్టి ఇంచుమించు రెట్టింపు చేసినది. చేతితో మరల లెక్కచూచినవారు లేరు. 28 మంది రోగులు అధిక మోతాదునకు గుఱియైరి, పలువురు మరణించిరి. యంత్రము చెప్పినదని నమ్మి తాము కొలువకుండుటయే అచటి తప్పు. మనదేశమున 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి కిరణచికిత్సా యంత్రములకు అనుమతులిచ్చుచు, అర్హులగు భౌతిక శాస్త్రజ్ఞులును రక్షణాధికారియు ఉండవలెనని నియమించినది. నియమము కాగితముపై నున్నంతనే చాలదు. ఒకరు వేసిన ప్రణాళికను వేఱొకరు స్వతంత్రముగ లెక్కగట్టి చూడనిదే రోగిని బల్లపై పరుండబెట్టరాదు. భౌతిక శాస్త్రజ్ఞుని రోగి యెన్నడును చూడకపోవచ్చును. కాని ఆ రోగి వెన్నుపాము ఆతని చేతిలో నున్నది. యంత్రము కొనుటకు కోట్లు వెచ్చించి, ఆ మనుష్యుని నియమించుటకు వెనుదీయుట ఎద్దులను కొని నాగలి పట్టువానిని మానిపించుటవంటిది.

స్వదేశీయముగ మనము సిగ్గుపడవలసిన స్థితిలో లేము. 1934లో మద్రాసులో బర్నార్డు రేడియాలజీ సంస్థ వెలసిననాడు కిరణచికిత్స కోరువారికి దక్షిణదేశమున ఆశ్రయములు అరుదు. 1955లో హైదరాబాదులో నవాబు మెహదీ నవాజ్ జంగు పేర క్యాన్సరు ఆసుపత్రి నెలకొన్నది. నేడది ఎంఎన్‌జే సంస్థగ తెలంగాణ పేదలకు పెద్దదిక్కు. 2000లో బసవతారకం ఆసుపత్రి తెఱువబడినది. భాభా అణుపరిశోధన కేంద్రమువారు భాభాట్రాన్ అను కోబాల్టు యంత్రమును స్వయముగ రూపొందించిరి. భారతదేశము దానిని వియత్నామునకు గూడ కానుకగ నిచ్చినది. 2007 ఏప్రిలులో ఆరోగ్యశ్రీ పథకము మొదలైన మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వము ఆ పథకపు పరిమితిని పది లక్షల రూపాయలకు పెంచినది. కావున చికిత్స రుసుము మునుపటివలె పేదవాని తలపై పూర్తిగ పడుట లేదు.

మఱి పడుచున్న దేమి? దారి పడుచున్నది. కేతేపల్లినుండి హైదరాబాదునకు నూఱు కిలోమీటర్లకు పైబడిన దూరము. ఆఱేడు వారములు, వారమున కైదు దినములు, రోగియు తోడుగ నొకరును. నోరు పొక్కి గంజి మ్రింగలేనివాడు బస్సులో రానుపోను ప్రయాణము చేయవలెను. లేదా నగరమున అద్దెకు గది తీసుకొనవలెను. రెండు కూలీలు పోవును. నాట్లు, కోతలు వచ్చినవన్న నాలుగు దినములు మానును. ఈ మానుటయే మహాపాయము. నోరు, కంఠము మొదలగు భాగముల క్యాన్సరులలో చికిత్స ఒక్కొక్క దినము సాగినకొలది వ్యాధి అదుపగు అవకాశము నూటికి సుమారు ఒక వంతు తగ్గునని అనుభవము చెప్పుచున్నది. మిగిలిన క్యాన్సరు కణములు ఆ విరామమున త్వరగ పెరుగుటయే కారణము. సిద్ధాంతులు, భౌతికులు, వైద్యులు మిల్లీమీటర్లతో కొలిచి వేసిన ప్రణాళిక నాలుగు దినముల కూలికొఱకు చెడిపోవుచున్నది. తప్పనిసరిగ ఒక దినము పోయినచో దాచక మఱునాడే వైద్యునితో చెప్పవలెను. ఆఱు గంటలకు తక్కువ కాని యెడముతో ఒకే దినము రెండు మాఱులిచ్చుటకో, సెలవుదినమున ఇచ్చుటకో వారు ఆలోచింతురు.

ఇచట మా పాఠకులలో భూస్వాములును పట్టణ ప్రముఖులును అగువారితో ఒక మాట. మీ పొలములో పనిచేయువాడు కిరణచికిత్సకు బోవునప్పుడు ఆ ఆఱేడు వారములు అతని యింటి పొయ్యి ఆరకుండ చూచుట మీకు అసాధ్యము కాదు. కౌలు బాకీ కొఱకో, అప్పు వడ్డీ కొఱకో అతనిని నడుమ పిలిపింపకుడు. ఊరిలో కల్యాణమండపములకును దేవాలయ గోపురములకును చందాలిచ్చు చేతులు, నగరమున రోగులు తలదాచుకొను సత్రమునకు ఒక గదిని గట్టించినచో ఆ పుణ్యము దేనికి తీసిపోవును? ప్రభుత్వమును మేము కోరునవి మూడు. 2019లో నల్గొండ, సూర్యాపేటలలో ప్రభుత్వ వైద్యకళాశాలలు మొదలైనవి. కిరణచికిత్స జిల్లాలకు ఎంత సమీపించిన అంత మంచిది, కాని యంత్రముతోపాటు దానిని కొలుచు మనుష్యులును రావలెను. రోగికిని తోడుగ వచ్చినవారికిని చికిత్స ముగియువఱకు ప్రయాణపు ఖర్చును వసతియు కల్పింపవలెను. మూడవది, ఒక్క కాసు ఖర్చు లేనిది: ఎన్ని దినములు, ఎంత మోతాదు, ఏ యవయవమును కాపాడుచున్నారు, రోగి చేయవలసిన దేమి అనువానిని తెలుగున ఒక కాగితముపై వ్రాసి ప్రతి రోగి చేతికి ఈయవలెను.

ఆ కాగితము సంచిలో నున్ననాడు, కేతేపల్లి రోడ్డుపై బస్సునకై నిలిచినవాడు తన ఒంటిపై గీతలు దేనికో తానే పదిమందికి చెప్పగలడు.